బాడీ కట్టించిన జీపుకి లైట్లు, గాలి: ఇంటి దగ్గరే చేసుకునే పని, పూర్తి వివరంగా

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత మహీంద్రా జీపు తీసుకుని, ఛాసిస్ బాగుచేయించి, కొత్త బాడీ కట్టించుకుని నడిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సాలూరులో లారీ బాడీలు కట్టే పనివాళ్లు దగ్గర్లో ఉండటం మనకి పెద్ద అండ. రేకు పని, వెల్డింగ్, రెగ్జిన్ టాప్ ఇక్కడ బాగానే కుదురుతాయి. తీరా బండి రోడ్డెక్కాక రెండు బాధలు మిగులుతాయి. రాత్రి హెడ్‌లైట్లు గుడ్డిగా వెలుగుతాయి. పగలు లోపల కూర్చుంటే ఉడికిపోతాం, వానొస్తే అద్దం మీద ఆవిరి పట్టి ముందు ఏముందో కనపడదు.

ఈ రెండింటికీ అందరూ చేసే వైద్యం ఒకటే. లైటు చాలకపోతే పెద్ద బల్బు, గాలి చాలకపోతే పెద్ద ఫ్యాను. నేను చెప్పేది దానికి తిరగేసి ఉంటుంది. బల్బు, ఫ్యాను ఆఖర్న ఆలోచించండి. ముందు కరెంటు వెళ్లడానికీ తిరిగి రావడానికీ సరైన దారి వేయండి, గాలి లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ దారి ఇవ్వండి. చాలా బళ్లకి ఇంతటితోనే పని అయిపోతుంది, ఖర్చు కూడా తక్కువ.

ఇక్కడ రాసింది 12 వోల్టుల జీపుకి. ఆర్మీ డిస్పోజల్‌లో కొన్న బళ్లలో 24 వోల్టులవీ, మరీ పాత వాటిలో 6 వోల్టులవీ తగులుతుంటాయి. బ్యాటరీ మీద మీటరు పెట్టి చూసుకున్నాకే మొదలుపెట్టండి.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి

దీన్ని దాటేసి చదవకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా పడొచ్చు, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. కాబట్టి బాడీ మార్పు ఆర్టీఓ ఆఫీసులో రాయించుకున్నదై ఉండాలి. రేకు కోసి రంధ్రాలు పెట్టే పని ఏదైనా ఉంటే ముందే అక్కడ అడిగి, అనుమతి తీసుకుని చేయండి. వైరింగు బాగుచేయడం, ఎర్త్ (కరెంటు బాడీ, ఛాసిస్ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి) సరిచేయడం, అదే వాటేజీ బల్బు వేయడం, లైటు వెలుగు పడే ఎత్తు సరిచూడటం, సందులు మూయడం మరమ్మతు కిందికి వస్తాయి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

ఇంకొకటి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది ముందు వైపు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టడాన్ని ముందస్తు అనుమతి లేకుండా ఒప్పుకోదు. టాప్ మీద పొడవాటి ఎల్‌ఈడీ బార్ బిగించుకుని హైవే మీద తిరగడం ఫ్యాషనైపోయింది. ఎదురొచ్చే బైకువాడికి ఆ క్షణంలో రోడ్డే ఉండదు. దయచేసి ఆ పని చేయకండి.

పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంటుంది కదా. ఆ తనిఖీలో లైట్లు ఎలాగూ చూస్తారు. ఇప్పుడు చేసే పని అప్పుడు కూడా అక్కరకొస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, లగ్గులు (వైరు కొసకి వేసే లోహపు తొడుగులు), వాటిని నొక్కి బిగించే మంచి క్రింపింగ్ ప్లయరు, వేడి తగిలితే ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబు, ముడతల ప్లాస్టిక్ స్లీవు, రబ్బరు గ్రోమెట్లు (రేకు రంధ్రంలో వైరు ఒరుసుకోకుండా పెట్టే రింగులు), ఎమరీ పేపరు, పెట్రోలియం జెల్లీ. 12 వోల్టుల రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు, నాలుగు (మూడు వాడకానికి, ఒకటి స్పేరు), వాటి సాకెట్లు, బ్లేడు ఫ్యూజులు, ఫ్యూజు బాక్సు. వైరు 2.5 ఎంఎం, 1.5 ఎంఎం, 1 ఎంఎం (ఇవి చదరపు మిల్లీమీటర్ల లెక్క). ఇంటి వైరింగులో వాడే గట్టి ఒంటి తీగ వద్దు. బండి అదురుకి అది లోపల్లోపలే విరుగుతుంది. సన్న తీగలు చాలా కలిసిన ఆటో వైరే కొనండి.

మల్టీమీటరు లేకుండా ఈ పనికి దిగొద్దు. కంటికి కనిపించే వెలుగుని నమ్ముకుంటే ఎక్కడ కరెంటు పోతోందో ఎప్పటికీ తెలియదు.

మొదటి అడుగు: కొలవడం

ఇంజను ఆపి బ్యాటరీ చూడండి. పూర్తిగా ఛార్జైన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. ఇక్కడే తక్కువుంటే లైట్ల జోలికి పోకుండా ఆల్టర్నేటరు, బెల్టు చూపించండి.

ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి ఉంచండి. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొస హెడ్‌లైట్ హోల్డర్ వెనక వెలుగుతున్న పిన్ను మీద పెట్టండి. వచ్చే అంకె దారిలో పోయిన వోల్టేజీ. అర వోల్టు లోపు ఉంటే ఫర్వాలేదు. పాత వైరింగున్న జీపుల్లో ఇది చాలాసార్లు ఒక వోల్టు దాటుతుంది. తర్వాత ఒక కొస హోల్డర్ ఎర్త్ పిన్ను మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. ఇది 0.2 వోల్టుల లోపు ఉండాలి. రెండు లైట్లకీ, డిమ్‌లోనూ బ్రైట్‌లోనూ చూసి కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక మళ్లీ కొలిచి పోల్చాలి.

ఒక వోల్టుకే ఇంత హడావుడి ఎందుకంటే, హాలోజన్ బల్బులో వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు, దాదాపు మూడో వంతు పడిపోతుంది. 13.2 వోల్టుల దగ్గర ఇవ్వాల్సిన వెలుగు 11 వోల్టులకి సుమారు సగమైపోతుంది. బావిలో నీళ్లున్నా పైపు సన్నగా ఉంటే చివరి మడికి తడి అందనట్టే ఇదీను. అలాంటి వైరింగు మీద 100 వాట్ల బల్బు వేస్తే మరింత కరెంటు లాగుతుంది, మరింత వోల్టేజీ దారిలో పోతుంది, వైరూ స్విచ్చూ కాలతాయి.

వోల్టేజీ ఎక్కడ పోతోందో తెలుసుకోవాలంటే పాత జీపులో కరెంటు నడిచే దారి చూడాలి. బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు మీది ఆంపియర్ మీటరు, అక్కడి నుంచి లైటు స్విచ్చు, మళ్లీ కిందికి దిగి కాలితో నొక్కే డిమ్మర్ స్విచ్చు, అక్కడి నుంచి ముందుకి బల్బు. ఆ కాలి స్విచ్చు ఫ్లోర్ మీద ఉంటుంది. చెప్పుల బురద, వాన నీళ్లు అన్నీ దాని మీదే. ప్రతి జాయింటులో కొంచెం కొంచెంగా పోతూ వస్తుంది.

రెండో అడుగు: ఎర్త్

కొత్తగా కట్టించిన బాడీల్లో లైట్ల రోగం సగం ఇక్కడే ఉంటుంది. బాడీ విప్పి, పుట్టీ పెట్టి, ప్రైమరు, రెండు కోట్ల పెయింటు వేసి బిగిస్తారు. బండి అందంగా తయారవుతుంది, కానీ బాడీకీ ఛాసిస్‌కీ మధ్య పెయింటు పొర అడ్డం. కింద రబ్బరు బుష్‌లు ఎలాగూ ఉంటాయి. కరెంటు తిరిగి రావడానికి దారి లేక స్పీడో మీటరు కేబులు, క్లచ్ కేబులు వెంట కూడా వస్తుంది. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా మిణుకుమంటోందంటే ఎర్త్ లేదనే అర్థం.

ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. పని ఏదైనా ఇదే మొదటి పని, బిగించేటప్పుడు ఇదే ఆఖరి పని. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకి ఒక మందపు కేబులు, ఇంజను నుంచి ఛాసిస్‌కి ఒకటి, ఛాసిస్ నుంచి బాడీకి ఒకటి వేయండి. బోల్టు దగ్గర రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి మెరిసే ఇనుము కనపడేలా చేయండి. పళ్ల వాషరు వేసి బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఈ జెల్లీ లేకపోతే కొన్నాళ్లకే ఆ చోట పచ్చగా, తెల్లగా తుప్పు పడుతుంది.

హెడ్‌లైట్లకి బాడీ ఎర్త్ మీద ఆధారపడకుండా, రెండు హోల్డర్ల ఎర్త్ పిన్నుల నుంచి 2.5 ఎంఎం నల్ల వైరు నేరుగా బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్లండి. ఫైబర్ బానెట్, ఫైబర్ బంపర్ ఉన్నవాళ్లకి ఇది తప్పదు.

మూడో అడుగు: రిలే

పాత స్విచ్చుల మీద నుంచి భారం తీసేయడమే రిలే పని. పాత స్విచ్చు రిలేని పిలుస్తుంది అంతే, అసలు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో బల్బుకి వెళ్తుంది. డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి, రెండు కావాలి.

రిలే కింద అంకెలుంటాయి. 30లో బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే వైరు. 87 నుంచి బల్బుకి వెళ్లే వైరు. 85 ఎర్త్. 86కి పాత హోల్డర్ నుంచి తీసిన వైరు. అంటే ఇంతకుముందు డిమ్ వెలిగించిన పాత వైరు ఇప్పుడు డిమ్ రిలే 86లోకి, బ్రైట్ వైరు బ్రైట్ రిలే 86లోకి. పాత వైరింగు ఏదీ కోయక్కర్లేదు. రేపు ఏదైనా తేడా వస్తే పాత హోల్డర్ తిరిగి గుచ్చేసి ఇంటికి చేరొచ్చు.

ఫ్యూజుల లెక్క చూద్దాం. 60 వాట్ల బ్రైట్ బల్బులు రెండు కలిపి 120 వాట్లు. 13.5 వోల్టులకి భాగిస్తే దాదాపు 9 ఆంపియర్లు. డిమ్ 55 వాట్లవి రెండు, 8 ఆంపియర్లకి కాస్త పైన. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 25 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు కాపాడేది తన తర్వాతి వైరుని మాత్రమే. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుపోతే మంటే. మెయిన్ ఫ్యూజు నుంచి రెండు రిలేల 30కి 2.5 ఎంఎం వైరు. బ్రైట్ 87 తర్వాత 15 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి చాలు. డిమ్‌కి మాత్రం 87 తర్వాత కుడి, ఎడమ విడదీసి ఒక్కోదానికి 10 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. సాలూరు దాటి కొరాపుట్ వెళ్లే ఘాట్‌లో మలుపు మీద ఉండగా ఒక లైటు ఫ్యూజు పోయినా రెండోది వెలుగుతుంది. ఈ ఒక్క జాగ్రత్త కోసం ఇంకో ఫ్యూజు ఖర్చు ఎంతైనా తక్కువే.

హోల్డర్‌లో ఏ పిన్ను డిమ్, ఏది బ్రైట్ అన్నది ఊహించొద్దు. బల్బు చేత్తో పట్టుకుని ఒక్కో జత పిన్నుకీ బ్యాటరీ తగిలించి చూస్తే ఏ ఫిలమెంటు వెలుగుతుందో తెలుస్తుంది. గాజు మీద వేళ్లు తగలనీయకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

జాయింట్ల విషయంలో మాత్రం నేను రాజీ పడను. వైరు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం జాయింటు కాదు. మన ఎండకి టేపు జిగురు కరిగి జారిపోతుంది, వానకి నీరు దూరుతుంది. లగ్గు వేసి క్రింప్ చేసి, గట్టిగా లాగి చూసి, హీట్ ష్రింక్ వేయండి. వైర్లన్నీ స్లీవులో పెట్టి, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కి (ఇంజను నుంచి పొగ బయటికొచ్చే వేడి గొట్టానికి) దూరంగా, జానెడుకో క్లిప్పు చొప్పున బిగించండి. రేకులోంచి దాటే ప్రతి చోటా గ్రోమెట్ ఉండాలి. రిలే సాకెట్లు పిన్నులు కిందికి ఉండేలా పెట్టండి, నీరు నిలవదు. వైరు సాకెట్‌లోకి వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడి పైకి వెళ్తే దాని వెంట జారే నీరు అక్కడే కింద పడిపోతుంది.

జీపుల్లో చాలావాటికి పెట్రోలు లేదా డీజిల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. కొత్త వైరు అటు పోనీయకండి. ఆ చుట్టుపక్కల డ్రిల్లు పెట్టకండి.

నాలుగో అడుగు: బల్బు, ఆ తర్వాత ఎత్తు

పాత జీపు, అంబాసిడర్, జిప్సీ అన్నిటికీ ఏడంగుళాల గుండ్రటి హెడ్‌లైటే. సీల్డ్ బీమ్ (గాజు, రిఫ్లెక్టర్, ఫిలమెంటు అన్నీ ఒకే ముక్కగా ఉండే లైటు) ఉంటే తీసేసి హెచ్ 4 బల్బు (డిమ్, బ్రైట్ ఫిలమెంట్లు రెండూ ఉన్న హాలోజన్) పట్టే రిఫ్లెక్టర్ వేసుకోవచ్చు. కొనేటప్పుడు గాజు మీద గీతలు చూడండి. మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం, కాబట్టి డిమ్ వెలుగు ఎడమ వైపు కొంచెం పైకి లేవాలి. ఆన్‌లైన్‌లో కుడి పక్కన నడిపే దేశాల రకం తెప్పించుకుంటే అది కుడి వైపు లేచి నేరుగా ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

బల్బు 60/55 వాట్లదే. హెచ్ 4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టర్ కింది సగానికి వెళ్లకుండా అదే ఆపుతుంది. రిఫ్లెక్టర్ ఒంపు అంతా ఆ ఫిలమెంటు ఉన్న చోటుని బట్టే చేస్తారు. అందులో ఎల్‌ఈడీ బల్బు గుచ్చితే వెలుగు పుట్టే చోటు, ఆకారం రెండూ మారిపోతాయి. దగ్గర్లో తెల్లగా, బ్రహ్మాండంగా కనిపిస్తుంది. దూరాన వెలుగు ఉండదు, ఎదుటివాడికి మాత్రం కళ్లు పోతాయి. వైరింగు సరిచేశాక మామూలు హాలోజన్ ఎంత వెలుగుతుందో ఒకసారి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఇక ఎత్తు. టైర్లలో గాలి సరిచూసి, ఎప్పుడూ ఎక్కేంత మందిని ఎక్కించి, చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో బండి నిలపండి. స్కూలు గ్రౌండు, కళ్యాణ మండపం పార్కింగు ఏదైనా సరే. లీఫ్ స్ప్రింగుల జీపు వెనక నలుగురు కూర్చుంటే ముక్కు పైకి లేస్తుంది, ఖాళీ బండికి చేసిన సెట్టింగు అప్పుడు పనికిరాదు. నేల నుంచి హెడ్‌లైటు మధ్య బిందువు ఎత్తు కొలిచి అదే ఎత్తులో గోడ మీద సుద్దముక్కతో అడ్డగీత గీయండి. దానికి 10 సెంటీమీటర్లు కింద రెండో గీత. డిమ్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ రెండో గీత మీద ఉండాలి, ఎడమ పక్క మాత్రమే పైకి ఎక్కాలి. ఒక లైటుకి గుడ్డ కప్పి రెండోది సరిచేయండి. రింగు పక్కనున్న స్క్రూలు తుప్పుపట్టి ఉంటే నూనె వేసి రాత్రంతా వదిలేయండి, బలవంతం చేస్తే ప్లాస్టిక్ నట్టు విరుగుతుంది.

మంచు దీపాలు, వెనక దీపాలు

శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఎక్కినా, సుంకి ఘాట్ ఎక్కినా చలికాలం తెల్లవారుజామున మంచు ముంచేస్తుంది. బ్రైట్ వేస్తే ఆ వెలుగంతా తెల్లటి గోడలా మన మొహానికే తిరిగొస్తుంది. ఫాగ్ ల్యాంపు కిందగా, వెడల్పుగా వెలగాలి. హెడ్‌లైటు కంటే కింద, నేల నుంచి అడుగున్నర నుంచి రెండున్నర అడుగుల లోపు బంపర్ మీద బిగించండి. తెలుపు, పసుపు రెండూ వాడొచ్చు. మూడో రిలే, విడి ఫ్యూజు, విడి స్విచ్చు పెట్టి, 86కి కరెంటు పార్కింగ్ లైటు వైరు నుంచి తీసుకోండి. పార్కింగ్ ఆర్పితే ఇదీ ఆరిపోతుంది, బ్యాటరీ దిగదు.

వెనక దీపాలకి కూడా నేరుగా ఒక ఎర్త్ వైరు లాగండి. ఇండికేటర్లకి ఎల్‌ఈడీ వేస్తే పాత ఫ్లాషర్ (ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే డబ్బీ) టకటకమని వేగంగా కొట్టుకుంటుంది, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చుకోండి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు రెండూ ఉండాలి. ఘాట్‌లో మన జీపు మెల్లగా ఎక్కుతుంటే వెనకొచ్చే లారీకి మనల్ని కాపాడేవి అవే.

ఇక గాలి. ముందు మూయండి, తర్వాత తెరవండి

చాలామంది నేరుగా రేకు కోసి గాలి రంధ్రం పెడతారు. దానికంటే ముందు అక్కర్లేని చోట్ల నుంచి వచ్చే గాలిని ఆపాలి. క్లచ్, బ్రేక్ పెడళ్ల రంధ్రాలు, స్టీరింగ్ రాడ్డు చుట్టూ సందు, గేర్ లివర్ బూటు, ఫైర్‌వాల్‌లో (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడలో) పాత వైర్లు తీసేశాక మిగిలిన బొక్కలు, వీటిలోంచి వచ్చేది గాలి కాదు, ఇంజను వేడి, పొగ.

వీటిని పట్టుకోవడం తేలిక. రాత్రి పూట బానెట్ కింద, ఛాసిస్ కింద టార్చి లైటు పెట్టి, లోపల చీకట్లో కూర్చుని చూడండి. ఎక్కడ వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ సందు. చిన్నవాటికి గ్రోమెట్, పెద్దవాటికి రబ్బరు షీటు మీద రేకు పట్టీ వేసి రివిట్లు, మిగతా చోట వేడిని తట్టుకునే సీలెంటు. గేర్ బూటు చిరిగితే కొత్తది వేయండి.

ఇది సుఖం కోసం మాత్రమే కాదు. బండి ముందుకి పోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, సైలెన్సర్ పొగ అక్కడ సుళ్లు తిరుగుతుంది. వెనక రెగ్జిన్ కర్టెన్ ఎత్తేసి, ముందు వైపు అన్నీ మూసి నడిపితే ఆ పొగ వెనక నుంచి లోపలికి వచ్చి చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు ఇంజనుకి ఇది మరీ ఎక్కువ. వెనక కూర్చున్న పిల్లలకి తలనొప్పి, వాంతులు వస్తే ఘాట్ తిరుగుళ్ల వల్ల అనుకుంటాం, కారణం ఇదీ కావచ్చు. సైలెన్సర్ గొట్టం బాడీ అంచు దాటి బయటికి రావాలి. మేనిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు ఉంటే ముందు అది మార్పించండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని వెనక సీటు దగ్గర పెట్టండి.

గాలి ఎక్కడ రావాలి, ఎక్కడ పోవాలి

బండి పరుగెడుతుంటే ముందు అద్దం అడుగున, బానెట్ చివర గాలి వచ్చి గుద్దుకుంటుంది, అక్కడ ఒత్తిడి ఎక్కువ. పక్క కిటికీల వెంట, టాప్ వెనక అంచు దగ్గర ఒత్తిడి తక్కువ. కాబట్టి గాలి అద్దం అడుగు నుంచి రావాలి, వెనక పక్కల పై నుంచి పోవాలి. కంపెనీలు ఇంజనీర్లతో చేయించేదీ ఇదే.

ముందు బయటికి పోయే దారి చేయండి. అది లేకుండా ఎంత పెద్ద రంధ్రం పెట్టినా, ఎంత ఫ్యాను పెట్టినా లోపల నిండిన గాలి కొత్త గాలిని రానివ్వదు. రెగ్జిన్ టాప్ అయితే వెనక రెండు పక్కలా పైభాగంలో కుట్టించే పనే: అరచేతి వెడల్పున జాలీ కిటికీ, దాని మీద కిందికి వాలే రెగ్జిన్ మూత. రేకు టాప్ అయితే పక్కల్లో వెనక్కి తిరిగిన లూవర్లు (ఏటవాలు రేకు పట్టీల సందులు). అడుగున వెనక పెట్టొద్దు, పొగ ఉండేది అక్కడే. బయటికి పోయే దారి మొత్తం వైశాల్యం లోపలికి వచ్చేదానికి సమానంగా, వీలైతే కాస్త ఎక్కువగా ఉండాలి.

లోపలికి వచ్చే దారి అద్దం ముందున్న కౌల్ రేకు మీద. కొన్ని పాత జీపులకి ముందు అద్దమే కింది నుంచి బయటికి తెరుచుకుంటుంది. మీదీ అలాంటిదైతే రేకు కోయకుండా ఆ కీళ్లకి నూనె వేసి, బీడింగ్ మార్చుకోండి, సరిపోతుంది. లేనివాళ్లు అనుమతి తీసుకున్నాక మొదలుపెట్టండి. వైపర్ లింకులు, అడుగున వైర్లు, ఛాసిస్ నంబరు ప్లేటు ఎక్కడున్నాయో కింద నుంచి చూసి గుర్తు పెట్టండి. అద్దం ఫ్రేము ఆనే చోటు, అంచు మడతలు ముట్టుకోవద్దు, బాడీ బలం అక్కడే. అట్టముక్క కోసి పెట్టి చూసి, నచ్చాకే డ్రిల్లు. మూలలు గుండ్రంగా కోయండి, పదునైన మూల నుంచి రేకు చీలుతుంది. కోసిన అంచుకి అదే రోజు జింక్ ప్రైమరు, పెయింటు పడాలి. మన తీరం గాలికి ఆ అంచు ఒక్క వారం వదిలేసినా ఎర్రబడుతుంది.

వాన నీళ్ల సంగతి ఇక్కడే తేల్చాలి. రంధ్రం కింద చిన్న రేకు తొట్టి కట్టించండి. క్యాబిన్‌లోకి వెళ్లే గొట్టం పై రంధ్రానికి నేరుగా కింద కాకుండా పక్కకి ఉండాలి, తొట్టి అడుగు నుంచి రెండంగుళాలు పైకి లేచి ఉండాలి. తొట్టి అడుగున మూలకి ఇంకో సన్న గొట్టం పెట్టి నీటిని బండి కిందికి వదలండి. నీళ్లు అడుగుకి, గాలి గొట్టంలోకి. పైన దోమల జాలీ, మూత. మగ్గుతో నీళ్లు గుమ్మరించి చూశాకే డాష్‌బోర్డు బిగించండి.

గొట్టాన్ని రెండుగా చీల్చి ఒకటి కాళ్ల దగ్గరికి, ఒకటి ముందు అద్దం అడుగుకి తీసుకెళ్లండి. ఈ రెండోది మరిచిపోవద్దు. అక్టోబరు తుపాన్లకి పక్క కర్టెన్లన్నీ దించి నడిపితే మన ఊపిరి ఆవిరే అద్దానికి పడుతుంది. ఎంత మంచి హెడ్‌లైటు పెట్టినా ఆ ఆవిరి వెనక నుంచి చూస్తే ఏం లాభం?

ఫ్యాను

నడిచేటప్పుడు గాలి దానంతటదే వస్తుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, అద్దం మీది ఆవిరి పోగొట్టడానికి మాత్రమే ఫ్యాను. పాత కారు ఏసీ బ్లోయర్ మోటారు వాడుకోవచ్చు. అది ఎక్కువ స్పీడులో గట్టిగానే కరెంటు లాగుతుంది, మీటరుతో కొలిచి దానికి తగ్గ ఫ్యూజు, రిలే వేయండి. స్పీడు తగ్గించే రెసిస్టర్ ఎర్రగా వేడెక్కే వస్తువు. దాన్ని కంపెనీ బ్లోయర్ గాలిలోనే ఎందుకు పెడుతుందో గమనించండి: ఆ గాలే దాన్ని చల్లబరుస్తుంది. తీసి డాష్‌బోర్డు వెనక కట్టేస్తే రెగ్జిన్, వైర్లు అంటుకుంటాయి.

ఎండలో ఆపిన బండికైతే వెనక పై దారి దగ్గర చిన్న 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను బయటికి ఊదేలా పెట్టొచ్చు. 0.3 ఆంపియర్ల ఫ్యాను పది గంటలు తిరిగినా 3 ఆంపియర్ అవర్లే. దీనికీ ఫ్యూజు ఉండాలి.

వేడి రాకుండా

టాప్ తెలుపు రంగైతే తేడా వెంటనే తెలుస్తుంది. రేకు టాప్ ఉన్నవాళ్లు దాని మీద అంగుళం ఎడంగా రెండో రేకు వేయించుకుంటే మధ్యలో గాలి ఆడి ఎండ లోపలికి దిగదు. పాత ల్యాండ్ రోవర్లకి వేడి దేశాల కోసం ఇలాంటి జంట టాప్ వచ్చేది. ఇది కూడా మార్పే కనుక ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఫ్లోర్ కింద సైలెన్సర్ వెళ్లే చోట అల్యూమినియం రేకుని అర అంగుళం ఎడంగా బిగించండి. లోపల గోనెపట్టా, థర్మోకోల్ వద్దు. ఒకటి నీళ్లు పీల్చి ఫ్లోర్ తుప్పు పట్టిస్తుంది, ఇంకోటి కాలుతుంది. ఎండ ఆపడానికి అద్దాలకి నల్ల ఫిల్మ్ కూడా వద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్కవాటిలోంచి 50 శాతం వెలుగు రావాలన్నది నిబంధన. రాత్రి వానలో నల్ల అద్దంలోంచి సైడు చూడటం ఎంత కష్టమో నడిపినవాళ్లకి తెలుసు.

పరీక్ష

లైట్లకి మొదట రాసుకున్న కొలతలు మళ్లీ తీసుకోండి. ప్లస్ వైపు అర వోల్టు లోపు, ఎర్త్ వైపు 0.2 లోపు రాకపోతే ఏదో లగ్గు సరిగ్గా పట్టలేదు. లైట్లు పది నిమిషాలు వెలిగించి ఒక్కో జాయింటు చేత్తో తాకండి. వేడిగా తగిలింది మళ్లీ చేయాలి.

గాలికి అగరుబత్తి చాలు. బండి నలభై స్పీడులో వెళ్తుండగా పక్కనున్నవాళ్లు వెలిగించిన అగరుబత్తి ఒక్కో సందు దగ్గర పట్టుకుని చూడాలి. పొగ ముందు నుంచి వెనక్కి, పైకి, బయటికి పోవాలి. వెనక నుంచి ముందుకి వస్తోందంటే బయటికి పోయే దారి చాలలేదు లేదా చోటు తప్పు. డ్రైవరు ఈ పని చేయకూడదు.

హెడ్‌లైటు గాజు లోపల ఆవిరి పడితే మొత్తం సిలికాన్ పూసి మూసేయకండి. వెలిగినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, ఆరినప్పుడు తడి గాలిని పీల్చుకుంటుంది. ఎక్కడో ఒక సందులోంచి తడి వస్తూనే ఉంటుంది, పోయే దారే మూసుకుపోతుంది. వెనక రబ్బరు బూటు కొత్తది వేసి, అడుగున ఉండే చిన్న రంధ్రం తెరిచి ఉంచండి.

నెల తిరిగాక ఎర్త్ బోల్టులన్నీ ఒకసారి బిగించండి, అదురుకి వదులవుతాయి. ఏటా మృగశిర కార్తె వచ్చేలోపు సాకెట్లు విప్పి పచ్చదనం ఉంటే ఎమరీతో గీకి జెల్లీ రాయండి, కౌల్ తొట్టిలో చేరిన ఆకులు తీసి నీటి గొట్టంలోకి తీగ పోనిచ్చి శుభ్రం చేయండి. డాష్‌బోర్డు అరలో ఒక రిలే, నాలుగు ఫ్యూజులు, ఒక హెచ్ 4 బల్బు, టెస్ట్ ల్యాంపు ఎప్పుడూ ఉంచండి.